క్షేమం తూచే కాటా

హోండే లోయలో తేయాకు తోట దవాఖానా ఏడింటికి తెరుస్తారు. అక్కడి కౌన్సెలర్ చెనెసాయి ముందు కిటికీలు తీస్తుంది, టీకి నీళ్లు పెడుతుంది, తర్వాత కాటా మీద దుమ్ము తుడుస్తుంది. ఆ కాటా మనిషి బరువు చూపదు, క్షేమం చూపుతుంది. ఎక్కి నిలబడ్డ మనిషిని కౌన్సెలర్ "ఎలా ఉన్నారు?" అని అడగాలి. జవాబుకి ముల్లు కదులుతుంది. రాజధాని హరారేలో గుమాస్తాలను ఎక్కించి సరిచూసి పంపారు దాన్ని. కౌన్సెలర్ తన సంగతి చెప్పకూడదని దాని మీదే రాసి ఉంది.

తోట ఆఫీసు వాళ్లకి డెబ్బై వస్తుంది. ఆకు కోసే మన్యికా తెగ ఆడవాళ్లకి సున్నా. పకపకా నవ్వుతూ ఎక్కినా సున్నానే. నవ్వు అబద్ధమా, ముల్లు అబద్ధమా? తనూ ఆ లోయ పిల్లే అయినా చెనెసాయికి అంతుపట్టలేదు.

ఇవాళ మంత్రసాని న్యెంబెసి వంతు. జనవరిలో ఒక బాలింత ఆమె చేతుల్లోనే పోయింది. అప్పట్నుంచి ఆమెని ప్రసూతి వార్డులోకి రానివ్వడం లేదు. నలభై దాటితేనే మళ్లీ పని. రెండుసార్లు సున్నా వచ్చింది. ఇదే ఆఖరిసారి.

"ఎలా ఉన్నారమ్మా?"

"నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే."

లోయలో అందరూ చెప్పే జవాబే. ముల్లు కదల్లేదు. చెనెసాయి కాగితం మీద సున్నా వెయ్యబోయింది.

"ఆగవే పిల్లా! నా జవాబు ఇంకా అవలేదు. సగం నీ దగ్గరుంది."

"నేను చెప్పకూడదండీ. రూలు."

"నన్ను విప్పి చూస్తావు, నువ్వు మాత్రం దుప్పటి కప్పుకుంటావా? భలే కొలత! ఆ గుమాస్తాలు 'నేను బాగున్నా' అనేసి దిగిపోతారు. మా జవాబు అలా ఒంటికాలి మీద నిలబడదు తల్లీ. చెప్పు, నిద్ర పడుతోందా?"

చెనెసాయి కలం కింద పెట్టింది.

"లేదత్తా," అంది చివరికి. "నవ్వే మనుషులకి సున్నాలు వేసి ఇంటికెళ్తే కన్ను మూతపడదు."

ముల్లు వణికింది. న్యెంబెసి కాటా దిగకుండానే చెయ్యి చాపి, నొప్పులు పడేవాళ్లకి నొక్కినట్టు చెనెసాయి మెడ వెనక నొక్కింది. "గాలి పీల్చు. వదులు." చెనెసాయి ఏడ్చింది, ముక్కు చీదింది, ఎందుకో నవ్వింది. ముల్లు లేచి యాభై రెండు దగ్గర ఆగింది.

కాగితంలో పేరుకి ఒకటే గడి. ఎటూ తేలక ప్రసూతి వార్డు మేట్రన్‌కి ఫోన్ చేసింది.

"యాభై రెండా? మొన్న సున్నా కదా! ఎవరిదది?"

"మాది."

"మాదంటే?"

"నాకూ తెలీడం లేదు సిస్టర్."

అవతల ఎవరో నొప్పులతో అరిచారు. "సరే, ముందు పంపు," అంది మేట్రన్.

న్యెంబెసి అప్పటికే చేతులు కడుక్కుంటోంది.