మేకులు కొట్టిన కన్నాలు

పదకొండో నంబరు ఇంజను మా నాన్నకంటే రెండేళ్లు పెద్దది. పెద్ద రైల్వేవాళ్లు వాడి వదిలేస్తే కలప కంపెనీ కొంది, వాళ్లూ వదిలేస్తే మా ఇరవై మైళ్ల రైలు లైను వాళ్లు కొన్నారు. అలబామా పైన్ అడవుల్లోంచి దుంగలు లాగడమే దాని బతుకు. వాగునీళ్లు తాగి తాగి దాని కడుపునిండా బురదే. కడిగిన రోజున షెడ్డంతా కుళ్లిన గుడ్ల కంపు.

డ్రైవరు మా నాన్న ఎల్బర్ట్ టార్ప్లీ. బొగ్గు వేసేది లెమ్యుయెల్ గాండీ. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే ఇంజను. లెమ్యుయెల్ నల్లవాడు కాబట్టి ఎప్పటికీ డ్రైవరు కాడు. ఆ మాట మా ఊళ్లో ఎవరూ ఎత్తరు. నేను స్టేషన్లో సరుకు చీట్లు రాసేదాన్ని, మధ్యాహ్నం నాన్నకు క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని.

బాయిలరు లోపలి రేకునీ బయటి రేకునీ వందల బోల్టులు పట్టి ఉంచుతాయి. ప్రతి బోల్టు చివరా సన్నటి కన్నం ఉంటుంది. బోల్టు విరిగితే అందులోంచి ఆవిరి చిమ్ముతుంది. అలా చిమ్మేవి రెండు మూడు కనిపిస్తే ఇంజను ఆపేయాల్సిందే. ఆపకపోతే ఏదో ఒకరోజు పేలుతుంది, ముందు పోయేది పొయ్యికి ఎదురుగా నిలబడ్డవాడు.

ఇన్‌స్పెక్టరు బాయిలరు తనిఖీకి వచ్చే ముందురోజు నేను వెళ్లేసరికి నాన్న మోకాళ్ల మీద కూచుని ఆవిరి చిమ్మే కన్నాల్లోకి చిన్న మేకులు దిగ్గొడుతున్నాడు. తర్వాత నోట్లో నములుతున్న పొగాకు అరచేతిలోకి ఉమ్మి, మసి కలిపి, మేకు తలల మీద పులిమాడు. ఆ చేతినే ప్యాంటుకి తుడుచుకుని రొట్టె అందుకున్నాడు.

"ఇది ఆగిందా, లైను మూసేస్తారు నెల్. ఈ వయసులో నాకింకో ఇంజను ఎవడిస్తాడు?" అన్నాడు నాతో.

లెమ్యుయెల్‌కి తెలుసా అని అడిగాను.

"వాడికెందుకు?" అన్నాడు నములుతూనే.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, కిరసనాయిలు గుడ్డతో ఆ మసి తుడిచేశాను. తొమ్మిది మేకు తలలు తళతళలాడాయి.

ఇన్‌స్పెక్టరు వాటిని వేలితో తడిమి, ఇది ఎవరి పని అని అడిగాడు. నాన్న లెమ్యుయెల్ వైపు చూశాడు.

"వీడే అయ్యుంటాడండీ. ఆవిరి మీద పడుతోందని రోజూ గొణిగేవాడు. పాపం, వీడికి వీటి సంగతేం తెలుసు."

లెమ్యుయెల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ పొయ్యి ఎదురుగా నిలబడేది నేనే కదా ఎల్బర్ట్‌గారూ," అన్నాడు మెల్లగా.

ఇన్‌స్పెక్టరు అతని పేరు రాసుకోబోయాడు.

"మా నాన్న కొట్టాడండీ. నేను చూశాను," అన్నాను.

మధ్యాహ్నానికల్లా ఇంజను ఆపేసి, అందులో నిప్పంతా దింపేశారు. ఆ నిప్పులు పారతో లాగింది కూడా లెమ్యుయెలే. నాన్న దూరంగా దుంగ మీద కూచుని చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి క్యారేజీ బల్ల మీద పెట్టి నాన్న లోపలికెళ్లిపోయాడు. మూత తీశాను. రొట్టెలు ముట్టుకోలేదు. వాటి మీద గోధుమరంగు పొగాకు ఉమ్మి.

క్యారేజీని బూడిదతో మూడుసార్లు తోమాను. వాసన పోలేదు. దాన్ని పెరట్లో గోతిలో వేసి మట్టి కప్పేశాను.