గాలి వదిలే జాలి

నేను ఒక గాలి ఫిల్టరును. ఆ పొద్దున ఆకాశం దుమ్ము పట్టిన అద్దంలా ఉంది. హిందూపురంలో అంగట్లోంచి చౌడప్ప నన్ను బయటికి తెచ్చి, ఆ ఆకాశానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. నాలోంచి మబ్బు కనబడింది. పెదవి విరిచాడు.

ఫ్యాక్టరీలో నన్ను ప్లాస్టిక్ దారంతో పలచగా జాలిలా అల్లి, రేకు చట్రంలో బిగించారు. దుమ్మును పట్టుకోవాలి, గాలిని వదలాలి. నాకొచ్చిన చదువు అంతే. చౌడప్ప నలభై ఏళ్లు మగ్గం నేసి, ఈ మధ్యే పట్టుపురుగుల పెంపకంలోకి దిగినవాడు. వెలుతురు కనబడే నేత ఆయన దృష్టిలో నాసిరకం.

"అన్నా, నీ షెడ్డు మిషనుకు ఇదే సరి. ఆ మందంగా ఉండేదయితే గాలి దూరదు," అన్నాడు అంగడివాడు.

"నాకు నేత నేర్పిస్తావా నువ్వు?" అంటూ చౌడప్ప పరుపులాంటి ఇంకో ఫిల్టరును చంకన పెట్టుకున్నాడు. అంగడివాడూ మొండివాడే. నన్ను కూడా సంచిలోకి తోశాడు.

ఇంట్లో చౌడప్ప భార్య ఓబులమ్మ నన్ను పాలగిన్నె మీద మూతగా పెట్టింది. ఎండకు చల్లగాలీ చలికి వెచ్చగాలీ ఇచ్చే షెడ్డు మిషనుకు మాత్రం ఆ పరుపు ఎక్కింది. మర్నాటికే మిషను మూలగడం మొదలుపెట్టింది. షెడ్డు ఉడికిపోయింది. వారంలో గూళ్లు కట్టాల్సిన పురుగులు మల్బరీ ఆకు ముట్టడం మానేశాయి. ఇంకొక్క రోజు ఇట్లాగే ఉంటే పంటంతా గుంతలో పూడ్చాల్సిందే. చౌడప్ప ఆకుది తప్పన్నాడు, ఎండది తప్పన్నాడు, తోట గట్టున బీడీ తాగిన పక్కింటాయనది తప్పన్నాడు. ఫిల్టరు ఊసు ఎత్తలేదు.

"దుమ్మయితే రాలేదు గదమే?"

"దుమ్మూ రాలే, గాలీ రాలే!" ఓబులమ్మ ఆ పరుపును పీకి తెచ్చి, మొగుడి ముక్కుకూ నోటికీ అదిమి, తువ్వాలుతో వెనక ముడేసింది. "ఇప్పుడు ఆకుమోపు ఎత్తుకోని షెడ్డు సుట్టూ రెండు సుట్లు తిరుగు సామీ. పురుగులు సూస్తాయి."

ఒక చుట్టయినా పూర్తి కాలేదు. మోపు ఒక పక్క పడింది, మనిషి ఒక పక్క కూలబడ్డాడు. చౌడప్ప ముడి విప్పుకుని కాసేపు రొప్పాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, నన్ను పాలగిన్నె మీదినుంచి తీశాడు. కడిగి, ఆరబెట్టి, తనే బిగించాడు. గాలి నాలోంచి దూసుకుపోయింది. దుమ్ము నా దగ్గర ఆగింది.

పొద్దు వాలుతుండగా ఓబులమ్మ కొత్త ఆకు పరిచి వచ్చి, షెడ్డు వాకిట్లో రెండు పళ్లేల్లో సంగటి పెట్టింది. లోపల పురుగులు ఆకు కొరికే చప్పుడు వినబడుతుందేమోనని, ఇద్దరూ నమలడం కూడా ఆపి చెవులు రిక్కించారు.

వినబడింది.

చౌడప్ప నోట్లో ముద్ద మింగాడు. ఓబులమ్మ ఆయన పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది.