మరక కింది మాటలు

ఎల్కానా షమోష్ గారు ముప్ఫై ఏళ్లుగా ఒకే మాట మీద నిలబడ్డ మనిషి. కైరోలో యూదుల పాత ప్రార్థనా మందిరపు అటక మీద దొరికిన తోలు పత్రంలో నాలుగు హీబ్రూ కీర్తనలున్నాయి. బైబిలులో చోటు దక్కనివి. అవి రెండువేల ఏళ్ల నాటివని ఆయన వాదన. తోలు వయసు వెయ్యేళ్లేనని పరీక్షలో తేలినా ఆయన చలించలేదు.

"అయితేనేం? ఎత్తిరాసిన ప్రతి కొత్తదైతే పాట కొత్తదవుతుందా?" అనేవారు. 

ఆ వాదన మీద ఆయన రాసిన పుస్తకం అచ్చుకు వెళ్లిన వారం, యెరూషలేములో పాత రాతప్రతుల ఫొటోలు తీసే మా గదికి ఆ తోలు పత్రంతో వచ్చారు. రెండో కీర్తన మధ్యలో పెద్ద సిరా మరక. దాని కింద ఏముందో చూడాలన్నారు.

"ఆ రాతగాడు తాగి కూర్చున్నాడు రుహామా! సిరాబుడ్డి తన్నేసుంటాడు."

నేను నవ్వుతూ కంటికి అందని కాంతిలో ఫొటో తీశాను. తెర మీద మరక పలచబడింది. అక్షరాలు తేలాయి.

'నా ఎముకలు నిన్ను పిలుస్తాయి'. కొట్టేసి ఉంది. దాని కింద 'నా ఎముకలు నిన్ను వెతుకుతాయి'. అదీ కొట్టేశారు. మరక పక్కన, ఈ కీర్తనలు చదివిన మాకందరికీ కంఠతా వచ్చిన పాదం: 'నా ఎముకలు నీకోసం మేలుకుని ఉంటాయి.'

షమోష్ గారు తెరనే చూస్తూ వెనక్కి జరిగారు. కుర్చీ కోసం చెయ్యి గాలిలో తడిమింది. నేనే పట్టుకుని కూర్చోబెట్టాను.

"చూసి రాస్తూ పొరబడి దిద్దుకున్నాడేమో సార్," అన్నాను.

"అసలు ప్రతి ఎదురుగా ఉన్నవాడు మాట కోసం వెతుక్కుంటాడా పిచ్చిదానా?" కొట్టేసిన పాదాలను వేలితో చూపించారు. "వీడు ఎత్తిరాసే రాతగాడు కాదమ్మా. కవి. ఇక్కడే, ఈ తోలు మీదే కట్టాడు."

 వెయ్యేళ్ల తోలు మీద వెయ్యేళ్ల పాట. ముప్ఫై ఏళ్ల వాదన ఒక్క ఫొటోతో కూలిపోయింది.

"తాగుబోతన్నాను వాణ్ణి," అన్నారు.

వెంటనే అచ్చువారికి ఫోన్ చేశారు.

"ఆపెయ్యండి... ఏమిటి, అట్టలు కుట్టేశారా? అయినా సరే. తప్పు నాది, మీది కాదు."

అవతలివాడు కేకలేస్తున్నాడు. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టేసి, కళ్లద్దాలు తుడుచుకుని, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా జరిగారు.

"ఇంకా కింద ఏదో ఉంది, కాస్త పెద్దది చెయ్యమ్మా."