ఓరమ్మ దీవి ఉప్పునీళ్ళు

తెల్లారి లేస్తూనే మారియాయి చేసే పని ఒకటే. వాకిలి చిమ్మదు, పొయ్యి ముట్టించదు. నేరుగా పెరట్లో బావికాడికి పోయి, బొక్కెన వేసి తోడి, దోసిట్లో ఒక గుక్క పట్టి నోట్లో పోసుకుంటుంది. కండ్లు మూసుకుని కాసేపు నాలుక మీద నిలుపుకుని, తర్వాత గట్టు పక్కనున్న వేపచెట్టు మొదట్లో ఊస్తుంది. ఆ చెట్టు ఎప్పుడో ఎండిపోయింది పాపం. పదిహేనేండ్లు ఉప్పునీళ్ళు ఊస్తే ఏ చెట్టు నిలుస్తుంది?

"ఓరమ్మ దీవిలో ఈపొద్దు గాలి జాస్తిగా ఉండాది," అన్నది గోడవతల పండ్లు తోముకుంటున్న మునియమ్మాళ్‌తో.

"ఈడ ఆకు కదల్లేదు. నీ మొగునికి గాలన్నా దొరుకుతాది, పుణ్యాత్ముడు," అన్నది మునియమ్మాళ్, ఖాళీ బిందెలు సంకనెత్తుకుంటూ.

నీళ్ళలో ఇసుక తగిలితే అక్కడ గాలి. ఉప్పు పలచబడితే వాన. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే దీవి నడుమనున్న నిప్పుకొండ పొగ కక్కుతున్నట్టు. ఇవన్నీ మారియాయి నాలుకకు కంఠతా వచ్చు.

తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరు దాటి మట్టిబాటలో రెండు మైళ్ళు పోతే ఆ పల్లె. అరవై గడపలు. అందరూ రాళ్ళు కొట్టి, బావులు తవ్వి బతికినవాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బావులు తవ్వేవాళ్ళకు ఒక సంగతి పుట్టుకతోనే తెలుసు, ఎవరూ నేర్పాల్సిన పని లేదు. బావికి తవ్వినవాని నోటిరుచే వస్తుంది. వాడు ఏది మింగితే బావిలో అదే. వాడు పోయినాక బావి తన రుచికి తాను వస్తుంది. ఊరి పెద్ద ఏళుమలై వాళ్ళ నాయన తవ్విన బావి ముప్పై ఏండ్లు సారాకంపు కొట్టింది. వయసు పిల్లలను ఆ బావికి నీళ్ళకు పంపేవాళ్ళు కారు. ముసలాయన పోయిన పదహారోనాడు ఆ నీళ్ళు తేటపడినాయి. ఊరంతా తాగి, "పోనీలే, ముసలోడు ఇప్పుడన్నా మానేసినాడు," అనుకున్నారు.

మారియాయి పెరట్లో బావి తవ్వింది ఆమె మొగుడు గోవిందరాజ్. పెండ్లయిన ఏడాదే. నలభై అడుగులు, అందులో పాతిక అడుగులు కరకు రాయి. వాడు కింద కొడితే ఆమె పైకి తట్టలు మోసింది. జల పడిననాడు వాళ్ళ ఆచారం ఒకటుంది. తవ్వినవాడు మొదటి దోసిలి తాను సగం తాగి, మిగిలిన సగం అదే దోసిట్లో పెండ్లానికి తాపాల. వాని చేతుల నిండా రాతిపొడి. ఆ నీళ్ళు గరగరమంటూ గొంతు దిగింది ఆమెకు ఇప్పటికీ గుర్తే.

అంత పనిమంతుణ్ణి సముద్రాల అవతలికి పిలిచినారంటే పిలవరా మరి! కరీబియన్ సముద్రంలో సెయింట్ ఒరీలియా అని ఒక దీవి దేశం. అక్కడ ఓడరేవుకు రాతిగోడ కడతారంట, రాయి తెలిసినవాళ్ళు కావాలంట. పల్లెలో ఆ పేరు ఎవరి నోటా తిరగలేదు. నాలుగు దినాల్లో అది ఓరమ్మ అయిపోయింది. వాడు పోయిన రెండోవారం బావి నీళ్ళు ఉప్పగా తగిలినాయి. మారియాయి నవ్వుతూ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, "చేరినాడు, సముద్రం కాడ పనిలో దిగినాడు!" అని. తాగేకి పనికిరాకపోయినా ఎవరూ ఏమీ అనలేదు. ఊర్లో వేరే బావులు ఉండినాయి కదా, అప్పుడు.

ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు.

"మారియాయీ, ఈ దేశాన్ని చూస్తే నవ్వొస్తాది. పొద్దున ఒక కొసన నడక పెడితే పొద్దుగూకేలోగా దేశం అయిపోతాది. జనం డెబ్బై వేలు. మన ధర్మపురి బస్టాండులో పండగనాడు ఇంతకన్నా జాస్తి ఉంటారేమో! దీనికి ఒక ప్రధానమంత్రి. నిన్న చేపల సంతలో చూసినాను. చేప కండ్లు చూసి, చెడిపోయిందని కొట్లాడతాండాడు."

"ఛీ, అబద్ధాలు!"

"నీ మీద ఒట్టు. జనం నల్లగా, మన మాదిరే ఉంటారు. వాళ్ళ తాతలను సంకెళ్ళేసి ఓడల్లో తెచ్చి చెరకు తోటల్లో దింపినారంట. మదరాసు నుండి కూడా కొంతమందిని తెచ్చినారంట. నాతో రాయి మోసేవాని ఇంటిపేరు మునుసామి. తమిళమూ రాదు, తెలుగూ రాదు. పేరొక్కటే మిగిలింది."

మూడేండ్లు అట్లా గడిచినాయి. నాలుగో ఏడు తుఫాను వచ్చింది. ఆనాడు బావిలో నీళ్ళు గట్టుదాకా ఎగిరెగిరి పడినాయి, పెరడంతా తడిసింది. తర్వాత ఉప్పు ఎంత చిక్కబడిందంటే, నోట్లో పోసుకుంటే వాంతి వచ్చేది. ఫోను రాలేదు. మళ్ళీ ఎన్నటికీ రాలేదు.

మారియాయి ఇక్కడి ఆఫీసుల్లో ఏడు అర్జీలిచ్చింది. ఏడింటికీ జవాబు లేదు. ధర్మపురిలో ఒక టైపు మిషన్ ఆయనను బతిమాలి ఓరమ్మ సర్కారుకు ఒక్క జాబు రాయించింది. రెండు నెలల్లో జవాబు వచ్చింది, ప్రధానమంత్రి చేవ్రాలుతో! "అమ్మా, ఓడరేవు గోడ పూర్తిగా కొట్టుకుపోయింది. మీ భర్త పేరు చనిపోయినవారి పట్టికలో లేదు. బతికినవారి పట్టికలోనూ లేదు. నేనే రెండుసార్లు వెతికినాను. క్షమించండి." ఆ కాగితాన్ని ఆమె ఇనుప పెట్టెలో పెండ్లి చీర మడతల్లో దాచింది.

అప్పటికీ ఇప్పటికీ పన్నెండేండ్లు. బావి ఉప్పగానే ఉంది. ఉప్పుందంటే మొగుడున్నట్టే. ఆ ఉప్పును చూసుకునే మెడలో తాలి, నుదుట బొట్టు, చేతికి గాజులు. బిడ్డా పాపా లేని ఆమెకు ఇంకేముంది చెప్పండి?

రెండేండ్ల కిందట మునియమ్మాళ్ ఇంటికి వెన్నిల కోడలుగా వచ్చింది. బి.ఏ. చదివిన పిల్ల, సర్కారు పరీక్షకు తయారవుతుండేది. మధ్యాహ్నాలు బావిగట్టు మీద కూర్చుని గట్టిగా చదువుకునేది. మారియాయి అడిగితే ఫోనులో వెతికి ఓరమ్మ దీవి సంగతులూ చదివి చెప్పేది.

"దీవిలో ఏడు పారిష్‌లు పెద్దమ్మా."

"అంటే?"

"మన తాలూకాలో కొన్ని ఊర్లు కలిపి ఫిర్కా అంటారే, ఆ మాదిరి అనుకో. పదిహేనుమంది మెంబర్ల శాసనసభ. దేశానికి పెద్ద అంటే రాజు, ఆయనుండేది ఇంగ్లండులో. ఆయన బదులు ఒక గవర్నర్ జనరల్."

"మీ పెద్దనాయన పోయినప్పుడు రాణి ఉండె."

"ఆమె పోయింది, ఇప్పుడు ఆమె కొడుకు. పట్టాళం లేదు, పోలీసులే. పండేది జాజికాయ, అరటి."

"పట్టాళం లేకుండా ఎట్లమ్మా దేశం?"

"చుట్టూ సముద్రం ఉండాది కదా పెద్దమ్మా, కాపలాకు!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వెన్నిలకు నెల తప్పినప్పుడు, మొగుని కన్నా ముందు మారియాయికే చెప్పింది.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. తుంబలహళ్లి డ్యాములో గొర్రెలు మేస్తున్నాయని చెప్పుకున్నారు. పల్లెలో బావులు ఒక్కొక్కటిగా అడుగంటినాయి. పంచాయతీ పైపులో పక్షానికొకసారి దారంలాగా కారేది. రెండు మైళ్ళు నడిచి, కొట్లాడి, ఆడవాళ్ళు బిందెలు మోసుకొచ్చేవాళ్ళు. నడుమ నిండుకుండ మాదిరి ఉండింది మారియాయి బావి ఒక్కటే. ఎవరూ ఏమీ అనలేదు. దాటుకుని పోతూ ఒకసారి బావి వైపు, ఒకసారి ఆమె తాలి వైపు చూసేవాళ్ళు. అంతే.

ఏడో నెలలో వెన్నిల నీళ్ళ బిందెతో బండ మీద జారింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్లంట.

ఆస్పత్రి నుండి తెచ్చినాక మారియాయి చూసేకి పోయింది. చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది వెన్నిల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. మారియాయి తల నిమిరితే, తిరిగి చూడకుండానే అడిగింది.

"పెద్దమ్మా, ఓరమ్మ దీవిలో ఈపొద్దు ఎట్లుండాది?"

మారియాయి లేచి వచ్చేసింది.

మరునాడు ఏళుమలై వచ్చినాడు. గోవిందరాజ్‌కు అన్న వరస. గట్టు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని మాట మొదలుపెట్టినాడు.

"పన్నెండేండ్లు దాటితే గడ్డిబొమ్మ చేసి కాల్చి కర్మ చేయొచ్చు. అది మన పెద్దల మాటే, నా మాట కాదు."

"చచ్చినోని బావి తేటపడాల కదా బావా. మీ నాయనది పడలేదా? ఇది ఉప్పగానే ఉండాదే!"

"మా నాయనది తేటపడింది పదహారోనాడు, కర్మ అయినాక. చచ్చిననాడు కాదు. గోవిందుకు ఎవరు చేసినారు? వాని నోట్లో సముద్రం నిండి పన్నెండేండ్లయింది, మారియాయీ. ఆ ఉప్పును నువ్వు బతుకంటాండావు, నేను మునకంటాను. మునిగినోణ్ణి అట్లే వదిలేసేది న్యాయమా?"

ఆ మాట ఆమెకు ఎన్నడూ తట్టలేదు. పన్నెండేండ్లుగా దినమూ తాను నోట్లో పోసుకుని ఊసింది మునిగినవాని కడపటి గుక్క అయ్యుంటుందా? గోడవతల వెన్నిల మూలుగు వినిపించింది. ఏళుమలై లేచి పోతుంటే ఆమె వెనక నుండి పిలిచింది.

"చేయండి బావా. నీళ్ళు లేక ఇంకొక పిల్ల పోతే ఆ పాపం నాకొద్దు."

గడ్డిబొమ్మ చేసినారు. దానికి గోవిందరాజ్ పాత చొక్కా తొడిగినారు. చొక్కా ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె చేయి వదల్లేదు, మునియమ్మాళ్ మెల్లగా వేళ్ళు విడదీసింది. పదహారోనాడు పొద్దున దాయాదుల్లో ముత్తుకుమార్ అనే పిల్లవాడు కొడుకు స్థానంలో నిలబడి పిండం పెట్టినాడు. ఆడవాళ్ళు గాజులు పగలగొట్టి, తాలి తీసి పాలచెంబులో వేసినారు. మారియాయి ఏడవలేదు. బావివైపే చూస్తూ కూర్చుంది.

మొదటి బొక్కెన వేసింది వెన్నిల. దోసిట్లో తాగింది. వెంటనే చెంబుతో తెచ్చి మారియాయి నోటికి అందించింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. చల్లగా, రాతిజల నీళ్ళు. అప్పుడు ఏడ్చింది మారియాయి, పదిమంది పట్టుకున్నా ఆగలేదు. పోయినాడు, నిజంగానే పోయినాడు! పెరట్లో బిందెలు బారులు తీరినాయి. పిల్లలు తలమీద గుమ్మరించుకుని కేరింతలు కొట్టినారు. అట్లా కేకలేయొద్దని పెద్దలు గదమాయించినా వాళ్ళు వినలేదు.

మరునాడు తెల్లారి, అలవాటు ఎక్కడికి పోతుంది, మారియాయి లేచి నేరుగా బావికాడికి పోయింది. తానే బొక్కెన వేసి తోడి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది.

ఉప్పు.

నాలుక మీద ఇసుక కూడా తగిలింది. ఓరమ్మ దీవిలో గాలి.

అంతలో మునియమ్మాళ్ వచ్చి తోడుకుని, గటగటా తాగి, "కలకండ!" అన్నది. మారియాయి మళ్ళీ తోడింది. ఉప్పు. ఆ గట్టు మీదే, ఆ తాడుతోనే. ఇంకొకరు తోడితే తేట, తాను తోడితే సముద్రం. రాతిపొడి చేతుల దోసిలి గుర్తొచ్చింది. ఆ మొదటి నీళ్ళలో సగం తాగింది ఈ ఊర్లో తానొక్కతే.

అప్పుడు తెలిసింది ఆమెకు. పోయినవాడే అయితే కర్మతో ఆ ఉప్పు తనకూ పోవాల. పోలేదు. ఎక్కడో ఆ కొసనుండి ఈ కొసకు ఒక్క దినంలో నడిచే దేశంలో, ఏ పట్టికలోనూ లేకుండా, వాడున్నాడు. ఊరికి చచ్చినాడు కాబట్టి ఊరికి బావి తేటపడింది. ఊరిముందర తానే చంపింది. బతికే ఉన్నాడన్న సంతోషం, ఎంత పని చేసినానన్న భయం, రెండూ ఒక్కసారే పుట్టినాయి. నోరు తెరిచి "ఉన్నాడు" అంటే చాలు, బావి అందరికీ మళ్ళీ ఉప్పవుతుంది. ఆమె పళ్ళు బిగించింది.

"ఎట్లుండాయి వదినా నీళ్ళు?" అని అడిగింది మునియమ్మాళ్.

"తియ్యగా ఉండాయి," అన్నది మారియాయి, నోట్లోది ఊయకుండా మింగి.

ఆ తర్వాత ఆమె తాను తోడిన నీళ్ళనే ఇంటికి తెచ్చుకునేది. తాగేకి మాత్రం వెన్నిల ఒక బిందె తోడి గడపలో పెట్టిపోయేది. ముసలామెకు చేతకాదు కదా అని.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వెన్నిల పుస్తకం పట్టుకుని వచ్చింది. బాగా చిక్కిపోయింది. మారియాయి రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. రెండు ముద్దలు తిని, ఇంకొంచెం ఉప్పు వేసుకుందామని వెన్నిల గూట్లో డబ్బా తీసింది. డబ్బా ఖాళీ. అడుగున బూజు కట్టింది. నెలనుండి అందులో ఉప్పు పోసిన గుర్తే లేదు. చారులో మాత్రం ఉప్పుంది.

వెన్నిల డబ్బాను చూసింది. పొయ్యి పక్కన మారియాయి తోడి తెచ్చుకున్న బిందెను చూసింది. దగ్గరికి పోయి దాంట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. మారియాయి బోడి మెడ మీద చెంగు కప్పుకుని తల దించుకుంది. పెరట్లో ఎవరో బొక్కెన దించుతున్న చప్పుడు.

వెన్నిల పోయి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. మళ్ళీ విస్తరి ముందర కూర్చుని, ముద్ద చిదిమి చారులో అద్దుకుంటూ, గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దమ్మా, ఓరమ్మ దీవిలో ఈపొద్దు ఎట్లుండాది?"

మారియాయి కండ్లు తుడుచుకుంది.

"వాన పడతాండాది బిడ్డా," అన్నది. "పొద్దున్నుండీ ఒకటే వాన. తిను."