సగం దిగిన పడవ

డార్కస్‌ను పడవెక్కించేటప్పటికి ఆమె చేతులకు రొట్టెపిండి ఇంకా ఆరలేదు. ఆ పిండి మీదే తాడు బిగించారు. పదకొండేళ్లుగా ఒహయోలో మా కాలువ గట్టున రొట్టెలు కాల్చి అమ్ముకుంటున్న మనిషి. ఇప్పుడు బానిసత్వం ఉన్న కెంటకీ నుంచి దొర ఒకడు, ఆమె తన దగ్గర్నుంచి పారిపోయిన బానిసని, తన సొత్తని కాగితం పంపాడు. రైలు స్టేషన్లో జనం అడ్డం పడతారని, ఆమెను పట్టుకుపోవడానికొచ్చిన సర్కారు అధికారి మార్షల్ కాలువ దారి పట్టాడు. కాలువలో పడవల్ని ఎక్కించి దించే లాకులుంటాయని, లాకుల దగ్గర కూలీలుంటారని వాడి బుర్రకు తట్టలేదు.

నా పేరు జాబెజ్. ఆ లాకులో తూము తిప్పేది నేనే. నల్లవాణ్ణే గానీ పుట్టుకతో స్వేచ్ఛ ఉన్నవాణ్ణి. ఆ మాట రాసిన కాగితాన్ని చొక్కాలో కుట్టుకుని బతికేవాణ్ణి. నాతో పనిచేసే ఐరిష్ కూలీలకు పెద్ద ఫిన్‌బార్ అనేవాడు. నేనంటే అతనికి గిట్టదు.

పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసి నీళ్లు వదిలాం. పడవ సగం దిగాక తూము మూసేసి, తిప్పే ఇనుప పిడి ఊడబీకి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. లోపలి నీళ్లు, బయటి నీళ్లు సమం కాకపోతే ఎంతమంది తోసినా లాకు తలుపు కదలదు. పడవ రాతిగోడల మధ్య, బావిలో పడ్డట్టు ఆగిపోయింది.

"పిడి ఇలా తేరా," అన్నాడు ఫిన్‌బార్.

"ఇవ్వను."

"నల్లదాని కోసం మేం జైలుకెళ్లాలా? రేపు దక్షిణాది బానిసలంతా వచ్చి సగం కూలికే చేస్తామంటారు. మా పిల్లలకు నువ్వు పెడతావా తిండి?"

"పోయినేడు నీ కూలి కోసింది డార్కసా, కాంట్రాక్టరా? నీ పెళ్లాం పురిట్లో ఉంటే రొట్టె తెచ్చిపెట్టింది ఎవరు, కాంట్రాక్టరా?"

ఫిన్‌బార్ ముఖం గంటు పెట్టుకున్నాడు. గట్టు మీద జనం పోగయ్యారు. పడవవాళ్లు, మిల్లు కూలీలు, బట్టలుతికే ఆడవాళ్లు. పారిపోయిన బానిసను పట్టివ్వాలన్న చట్టం చట్టమే అని ఒకడు. ఆ చట్టాన్ని తగలెయ్య అని ఇంకొకామె. ఒకే తల్లి కన్న అన్నదమ్ములిద్దరు అక్కడే కాలర్లు పట్టుకున్నారు. ఆ ఏడు ఆ చట్టం మీద దేశమంతా అలాగే తగలబడింది. చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లు మొహాలు తిప్పుకుని వేరే బల్లలకు పోయారు.

కింద నుంచి డార్కస్ గొంతు వినిపించింది. "జాబెజూ, పిల్ల ఇంట్లోనే ఉంది. నా కడుపున పుట్టింది కాబట్టి అదీ వాళ్ల సొత్తేనట. దాన్ని దాచండయ్యా."

దారిన పోయేవాణ్ణి ఎవరినైనా మార్షల్ సాయానికి పిలవొచ్చని ఆ దిక్కుమాలిన చట్టంలో ఉంది. పడవలోంచి మార్షల్ తల పైకెత్తి ఫిన్‌బార్‌ను చూశాడు. "ఏయ్, ఎర్రజుట్టోడా. చట్టం పేరున నిన్నే పిలుస్తున్నా. వాడి దగ్గర పిడి లాక్కుని తూము తియ్యి. తర్వాత వెళ్లి దీని కూతుర్ని పట్టుకురా."

ఫిన్‌బార్ నా ఒళ్లోంచి పిడి లాక్కున్నాడు. అతని బలం ముందు నేనెంత?

"ఐర్లండ్‌లో మా ఊళ్లో భూస్వామి మమ్మల్ని గెంటేసినప్పుడు కూడా ఇలాగే పక్కింటివాణ్ణి సాయానికి పిలిచారు," అన్నాడు ఫిన్‌బార్. "వాడొచ్చి మా అమ్మను మంచంతో సహా వానలో పెట్టాడు. అమ్మ మూడ్రోజుల్లో పోయింది. ఆ వెధవను ఇప్పటికీ తిడుతున్నా. ఇక నన్ను నేను తిట్టుకోమంటావా?"

పిడిని కాలువలోకి విసిరేశాడు. నా పక్కన కూలబడ్డాడు.

"నువ్వంటే నాకిప్పటికీ పడదు," అన్నాడు.

"తెలుసులే. కాస్త జరుగు."

ఉతికే ఆడవాళ్లు బట్టలారేసే తాళ్లు కిందికి వదిలారు. మార్షల్ పిస్తోలు తీశాడు. గట్టు చుట్టూ రెండు వందల ముఖాలు వంగి వాణ్ణే చూస్తున్నాయి. పడవ సరంగు డార్కస్ కట్లు కోశాడు. మార్షల్ గాల్లోకి కాల్చాడు, అంతే. డార్కస్ తాళ్లు పట్టుకుని పైకొచ్చింది, జనంలో కలిసిపోయింది. చీకటి పడకముందే తల్లీకూతుళ్లు బండిలో, ఆ చట్టం అందని కెనడా దారి పట్టారు.

మర్నాడు సైనికులు వచ్చి ఫిన్‌బార్‌కూ నాకూ సంకెళ్లు వేశారు. నల్లవాడే రెచ్చగొట్టాడని చెప్తే వదిలేస్తామన్నారు. ఫిన్‌బార్ వాళ్ల బూట్ల మీద ఉమ్మాడు. కాలువ గట్టునే జిల్లా జైలుకు నడిపించారు. దారిలో ప్రతి లాకు దగ్గరా కూలీలు పని ఆపి మా వెనక నడిచారు. జైలు గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక వచ్చే జనానికి చివర కనపడలేదు.

"వీళ్లంతా ఎవరు?" అన్నాడు జైలరు.

"సాయానికొచ్చారు," అన్నాడు ఫిన్‌బార్. "ఎవరూ పిలవలేదు."