కొత్తింటి విస్తర్లు

మానేరు పొంగి, ఒడ్డున ఉన్న ఇటుకబట్టీలన్నీ తిరిగి మట్టిముద్దలైన ఏడాది అది. కరీంనగర్‌లో మొదలుపెట్టిన ఇళ్లన్నీ మొండిగోడల దగ్గరే ఆగిపోయాయి. నర్సింగరావు ఇల్లు మాత్రం ఆగలేదు. కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకున్నాడు.

ఆ రోజు నడిమధ్యాహ్నం మోషే ఆ ఇంటి వెనక గోడకున్న చిన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒంటిమీద ఇస్త్రీ చేసిన తెల్లంగీ. చేతిలో గంప.

"మొదటి బంతి లేసింది. ఇగ కానియ్" అన్నాడు హనుమంతు. అతను నర్సింగరావు ఆఫీసులో లెక్కలు చూసే మనిషి.

మోషేదీ ఆ ఆఫీసే. ఇళ్లకు నక్షలు గీయడం, లోపల కప్పులకు, గోడలకు, అల్మారాలకు సొగసులు దిద్దడం అక్కడి పని. మిషను బడిలో చదివి, గీత పని నేర్చుకుని, నెలకు అరవై రూపాయల మీద కుదిరాడు. ఈ ఇంటి నక్షా, పెద్ద హాలు కప్పు మీద పారిన తామరతీగా అతను గీసినవే.

నర్సింగరావు దొరల గడీలో పుట్టి పెరిగినవాడు. అయినా ఆఫీసులో ఎవరైనా నోరుజారి దొరా అంటే ఒప్పుకోడు. "దొరలు పోయిండ్రు, గడీలు పాడువడ్డయి. సారు అనుండ్రి చాలు. మన ఆఫీసంటే ఒక్క ఇల్లు. మనమంతా ఇంటోళ్లం" అంటాడు. ఇంటివాళ్లు గనుక ఆదివారం పిలిచినా పోవాలి. ఆయన ఇంట్లో పెళ్లయితే పందిరికి రంగుకాగితాలు కత్తిరించాలి. కూలి మాట ఎత్తరాదు. ఇంటివాళ్లు ఎక్కడైనా కూలి అడుగుతారా!

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఇల్లు గీసినవాడే గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లకు గదిగదీ తిప్పి చూపిస్తాడు. అందుకే ముందురోజు నర్సింగరావు భుజం తట్టి "రేపు పొద్దుగాల్నే రా మోషే, నువ్వు లేకుంటే నడువది" అంటే మోషే పొంగిపోయాడు. భార్య సంతోషమ్మ పొరుగింటి ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి, బొగ్గులు రాజేసి, అంగీని మడత నలగకుండా రుద్దింది.

ఈ పొద్దున్నే వస్తే ముందు గుమ్మం దగ్గరే హనుమంతు రెక్క పట్టుకున్నాడు.

"అటెటు పోతున్నవే? లోపట బాపనోళ్లు వంట జేస్తుండ్రు. ఎనుకకెల్లి రా."

"ఇల్లు సూపెట్టద్దా అన్నా?"

"నీ పక్క బల్ల కైలాసం సూపెడుతడు తియ్."

"మరి నాకేం పని?"

హనుమంతు కాలితో గంపను ఇటు జరిపాడు. "ఆకులెత్తాలె. గంత పరేషానెందుకు? మీ నాయిన సమ్మయ్య గడీల ఎత్తినయే గద! చెయ్యి మర్సిపోయిందా?" అని తన మాటకు తనే నవ్వాడు.

వెనక తలుపు గీసేనాడు 'గంప పట్టేంత ఉంటే సాలు' అన్నాడు నర్సింగరావు. ఎవరి గంప అని అడగకుండా గీసింది మోషేనే.

ఇప్పుడు బంతి లేచిన పెరట్లో వంగి విస్తర్లు ఎత్తాడు. సగం కొరికిన బూరెలు, నెయ్యి కారుతున్న అన్నం, పీల్చి పారేసిన మునక్కాడలు. గంప నిండితే గోడ బయట గుంటలో పోసి మళ్లీ వచ్చాడు. హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి.

"అబ్బ! పైన గా తీగ సూడుండ్రి. చెయ్యి పెడితే ఆకు కదులుతదా అన్నట్టున్నది. ఎవలు గీసిండ్రు?" అన్నాడు ఎవరో పెద్దమనిషి.

చెప్పాల్సింది కైలాసమే. మోషే ఆ తీగ గీస్తుంటే పక్కనే చూసినవాడు. "మా ఆఫీసు పనే" అంది నర్సింగరావు గొంతు.

కైలాసం వచ్చినవాళ్లను పెరట్లోకి తీసుకొచ్చాడు. మోషేను చూసి, చూడనట్టు బావి వైపు చెయ్యి చూపించాడు. అప్పుడే గంపలోంచి పులుసు జారి తెల్లంగీ మీద పడింది.

దీపాల వేళకు ఇల్లు చేరాడు. సంతోషమ్మ మరకను చూసింది.

"ఇదేంది? కూరలు వడ్డిచ్చినవా?"

"లే. ఎంగిలాకులెత్తిన."

ఆమె పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది. ఆ తర్వాత అంది: "నన్ను నీకిచ్చేనాడు మా అవ్వ ఇదే అన్నది. గడీల ఆకులెత్తినోని కొడుకు అన్నది. కాదవ్వా, బల్ల ముందట కూసోని గీతలు గీస్తడు అని నేనే ఒప్పిచ్చిన."

"నౌకరి పోతే ఏం తింటం?"

"నౌకరి ఇడువుమన్ననా నేను? నీ నౌకరేదో అదే చెయ్యిమంటున్న."

మోషే కంచం ముందు నుంచి రెండుసార్లు లేచి నీళ్లతొట్టి దగ్గరికి పోయాడు. చేతులు ఎంత తోమినా నెయ్యి వాసన పోలేదు.

తెల్లారి అందరికన్నా ముందే ఆఫీసుకు పోయాడు. నర్సింగరావు నుదుట గంధంతోనే వచ్చాడు. "ఇయ్యాల సుట్టాల బంతి ఉన్నది. మోషే, నువ్వు జర ఇంటికాడికి నడువు" అన్నాడు, ఎప్పటి నవ్వుముఖంతోనే.

"పోను సారూ."

"ఏందీ?"

"నక్ష గీస్త. ఆకులు మాత్రం ఎత్తను."

హనుమంతు చేతిలో బీడీ నోటిదాకా పోలేదు. నర్సింగరావు నవ్వు ఇంకా పూర్తిగా చెరగలేదు. "ఇంటోని లెక్క సూసుకుంటే గిదా నువ్వు మాట్లాడేది?"

"ఇంటోన్నయితే ముందు దర్వాజల నుంచే రానిద్దురు. నేను ఇంటోన్ని కాను సారూ, నౌకరోన్ని. ఆఫీసు పని చెప్పుండ్రి, చేస్త."

"అయితే ఆ కుర్చీలకెల్లి లే! నీ అసువంటోళ్లు పదిమంది దొరుకుతరు." నర్సింగరావు పక్క బల్ల వైపు తిరిగాడు. "కైలాసం, నువ్వన్న జెప్పు వానికి."

కాగితం మీద కైలాసం ఆపిన కలం కింద సిరా చుక్క పెరిగి పెరిగి, పొద్దుటి నుంచి గీసిన వరండానంతా మింగుతోంది. అతను కలం తీయలేదు.

మోషే కుర్చీలోంచి లేవకుండానే, నక్ష గీసే కొత్త ట్రేసింగు గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా పిన్నులు గుచ్చాడు. దాని మీద నర్సింగరావు నీడ పడి ఉంది. మోషే స్కేలు ఆనించి, ఆ నీడలోంచే మొదటి గీత లాగాడు.