రెండు ట్యాబ్‌లు, మూడో పిలుపు

వెంకటసుబ్బారావు కొట్టు పాలకొల్లు మెయిన్ రోడ్డు మీద ఉంది. వాళ్ళ తాత అందులో ఇత్తడి గిన్నెలు అమ్మాడు. తండ్రి రేడియోలు అమ్మాడు. ఆయన ఫోన్లు, ట్యాబ్‌లు అమ్ముతున్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన ఉషారాణి ఆ కొట్లో పనిచేస్తుంది. ఆమె మీద ఆయనకు ఒకటే ఫిర్యాదు. పిలిస్తే పలకదు.

"మూడోసారి పిలిచేదాకా ఊరుకుంటే కస్టమరు పక్క కొట్టుకి పోతాడమ్మా," అనేవాడు. "నన్ను చూడు. 'ఏవండీ' అని సగం అనేసరికి 'చెప్పండి' అంటాను. మా నాన్నగారు నేర్పిన వ్యాపారం అంతే."

"అలవాటండి," అనేది ఉషారాణి.

అది ఇంటి అలవాటు. ఆమెది నర్సాపురానికి దిగువన వశిష్ట గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఊరంతా చేపల వేట మీదే బతుకుతుంది. గోదావరి సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. వరద వచ్చిన ప్రతిసారీ మొగలో ఇసుక మేటలు చోటు మారతాయి. వాటి మధ్య దారి తెలిసినవాడే బోటును సముద్రంలోకి తీసుకెళ్ళగలడు. మొగలో ఎవరైనా పిలిస్తే మూడోసారి పిలిచేదాకా బోటు మీదివాళ్ళు పలకరు. నీళ్ళలో పోయినవాళ్ళు రెండుసార్లే పిలుస్తారని, మూడోసారి పిలిస్తేనే మనిషని వాళ్ళ నమ్మకం. బోటు మీది అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఆ ఊళ్ళో ఉప్పు అప్పు అడగడానికి వచ్చినా మూడుసార్లు పిలవాలి.

డిసెంబరులో మత్స్యకారుల సొసైటీ కార్యదర్శి గంగరాజు కొట్టుకు వచ్చాడు. అంతకుముందు నెల పొగమంచులో రెండు బోట్లు మేటకెక్కి విరిగిపోయాయి. మనుషులు ఈదుకొని బయటపడ్డారు. బోటుకొక ట్యాబ్ కొనాలని సొసైటీ తీర్మానం చేసింది. అందులో దారి చూపే మ్యాపు ఉండాలి. ఎటు తిరగాలో తెలుగులో చెప్పాలి.

వెంకటసుబ్బారావు రెండు ట్యాబ్‌లు బల్ల మీద పెట్టాడు. కంపెనీ ఒకటే. తెర కొలత ఒకటే. ఉపగ్రహాల నుంచి చోటు తెలుసుకునే చిప్ కూడా ఒకటే. తేడా ప్రాసెసర్‌లో ఉంది. నలుపు రంగు ట్యాబ్‌లో ఆ ఏడాదే వచ్చిన ప్రాసెసర్ ఉంది. బూడిద రంగు ట్యాబ్‌లో నాలుగేళ్ళ కిందటిది ఉంది.

"నెంబర్లు చూపించమ్మా," అన్నాడు ఆయన.

ఉషారాణి రెండింటిలోనూ వేగం కొలిచే యాప్ నడిపింది. నల్లదానికి బూడిదదానికంటే నాలుగు రెట్లు మార్కులు వచ్చాయి. తర్వాత నది మ్యాపు తెరిచింది. నల్లదానిలో వేలు తీసేలోపు మ్యాపు వచ్చింది. బూడిదదానిలో ముందు నీళ్ళు వచ్చాయి, తర్వాత ఒడ్డు వచ్చింది, ఇంకాసేపటికి లంకలు వచ్చాయి.

"ఇది లంకలు గీసేలోపు వరదొచ్చి అవి కొట్టుకుపోతాయండి," అన్నాడు గంగరాజు. "కానీ బల్ల మీద పరిగెడితే మాకేం లాభం? బోటు మీద పరిగెత్తాలి. మీ అమ్మాయి మా ఊరి పిల్లే కదా. వాళ్ళ నాన్న బోటు మీద పెట్టి చూడమనండి."

వెంకటసుబ్బారావు ఒప్పుకున్నాడు. "నువ్వెళ్ళమ్మా, నన్ను మాత్రం రమ్మనకు," అన్నాడు. చించినాడ బ్రిడ్జి మీద బస్సు వెళ్తుంటే కళ్ళు మూసుకునే మనిషి ఆయన. ఒడ్డున నిలబడి కూడా గోదావరిలో కాలు పెట్టలేదు.

ఉషారాణి వెళ్తానన్నది కొట్టు కోసం కాదు. ఆమె తండ్రి అమ్మిరాజు కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకంట్లో మొదలైంది. ఆపరేషన్ వేసవిలో చేయించుకుంటానంటున్నాడు. ఈలోపు సొసైటీకి తెలిస్తే చుక్కాని మరొకరికి ఇస్తారని ఎవరికీ చెప్పలేదు. అంతర్వేది లైట్‌హౌస్ కనిపిస్తోందని చెప్పి, కనిపించకుండానే మొగ దాటుతున్నాడు. మంచు రోజులు ముందున్నాయి. ఆయన చూడలేనిది ట్యాబ్ చూడగలిగితే తండ్రి ఇంటికొస్తాడు. ఆమెకు కావలసింది అదే.

ఆడపిల్ల మొగకు వెళ్ళడం ఆ ఊళ్ళో లేదు. నాయనమ్మ అచ్చాయమ్మ వాకిట్లో కూర్చుని రెండు రోజులు తిట్టింది.

"కొట్లో పనికి పంపితే సముద్రం మీదికి తయారైందమ్మా. రేపు వల కూడా వేస్తావేంటే?"

"వేస్తాను మామ్మా. నువ్వు అమ్ముకురా," అంది ఉషారాణి.

బోటులో చుక్కానికి కుడివైపు ఒక చెక్కపెట్టె ఉంది. రెండు ట్యాబ్‌లనూ నీళ్ళు పోని కవర్లలో పెట్టి ఆ పెట్టె మీద కట్టింది. అమ్మిరాజు చుక్కాని దగ్గర, ఆయన బావమరిది త్రిమూర్తులు ముందు కొస దగ్గర ఉన్నారు. మొదటి నాలుగు రోజులు ఎండ కాసింది. లోతు ఉన్న దారిలో అమ్మిరాజు బోటును నడిపాడు. ఆ దారిని ఉషారాణి రెండు ట్యాబ్‌లలోనూ గుర్తు పెట్టింది. తర్వాత అదే దారిలో ట్యాబ్‌ల మాట ప్రకారం వెళ్ళమంది.

అక్కడ తేడా తెలిసింది. మలుపు వచ్చేసరికి నల్లది "కుడికి తిరగండి" అని ఒక్కసారి చెప్పేది. అమ్మిరాజు తిప్పేవాడు కాదు. తిప్పలేదని నల్లదానికి వెంటనే తెలిసేది. అది ఇంకో దారి గీసి ఇంకో మాట చెప్పేది. ఆయన దానికీ తిప్పేవాడు కాదు.

బూడిదది అలా కాదు. బోటు తిరిగిందో లేదో దానికి ఆలస్యంగా తెలిసేది. తెలిసేలోపు చెప్పిందే మళ్ళీ చెప్పేది. "కుడికి తిరగండి. కుడికి తిరగండి. కుడికి తిరగండి." మూడో మాటకు అమ్మిరాజు చెయ్యి కదిలేది.

"నాన్నా, నల్లది ముందే చెప్పింది కదా. ఎందుకు తిప్పవు?"

"ఒక్కసారి చెప్పి ఊరుకుంటే ఎలా తిప్పుతానే?"

"అది మిషను నాన్నా."

"మిషనో ఎవరో నాకేం తెలుసు. నాకు గొంతే కదా వినిపించేది."

త్రిమూర్తులు ముందు నుంచి నవ్వాడు. "మా ఇంటిదానికి ఈ ప్రాసెసరే పెట్టినట్టున్నారు బావా. బూడిదది. చెప్పిందే చెబుతుంది."

ఉషారాణి ఆ సాయంత్రం నల్లదాని సెట్టింగులు మార్చింది. ప్రతి మాటనూ మూడుసార్లు చెప్పేలా పెట్టింది. ఛార్జింగ్ మిగలడానికి తెర ఆరిపోయి గొంతు మాత్రం వచ్చేలా పెట్టింది. దారి తెరిచి ఉంచి, రెండింటినీ ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంది. వేగం ఉన్న ప్రాసెసర్ మూడుసార్లు చెప్తే ఇక తండ్రి వినకుండా ఉండడని అనుకుంది.

తెల్లారేసరికి మంచు కమ్మింది. రేవులో నిలబడితే పక్క బోటు కనిపించలేదు. "ఈ రోజు వద్దు బావా," అన్నాడు త్రిమూర్తులు.

"మంచు లేని రోజు వీటితో పనేంటి?" అన్నాడు అమ్మిరాజు. ఉషారాణికి అది నిజమే అనిపించింది. రెండు ట్యాబ్‌లూ పెట్టె మీద కట్టి, మంచు నీరు పడకుండా గుడ్డ కప్పింది.

నది వెంట ఇబ్బంది లేదు. బూడిదది అప్పుడప్పుడు "నేరుగా వెళ్ళండి" అంటోంది. మొగ దగ్గరకు వచ్చేసరికి అల పోటు తెలిసింది. అమ్మిరాజు ఇంజను తగ్గించాడు. ముందు కొసన త్రిమూర్తులు వీపు కూడా కనిపించడం లేదు.

"ఎడమకు తిరగండి."

ట్యాబ్ గొంతే. ఉషారాణి తండ్రి వైపు చూసింది. ఆయన చెయ్యి కదల్లేదు.

"నాన్నా, నల్లది చెప్తోంది. దారి మారిందేమో. తిప్పు."

"ఎన్ని?"

"ఒకటి."

ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. బూడిదది మాట్లాడలేదు. అది ఎప్పుడూ వెనకే చెబుతుందని ఉషారాణికి తెలుసు. దాని కోసం ఆగితే మలుపు దాటిపోతుంది.

"ఎడమకు తిరగండి."

"రెండు, నాన్నా. తిప్పు. మూడోది నేనే పెట్టాను, వస్తుంది. ఈలోపు దాటిపోతాం."

"వస్తే తిప్పుతాను."

ఆమె చుక్కాని మీద చెయ్యి వేసింది. అమ్మిరాజు ఆ చేతి మీద తన చెయ్యి వేసి కదలనివ్వలేదు. ఇద్దరూ అలా నిలబడ్డారు. మూడోది రాలేదు.

"కుడికి తిరగండి," అంది బూడిదది. మళ్ళీ అంది. మూడోసారి అంది. అమ్మిరాజు కుడికి తిప్పాడు.

ముందు నుంచి త్రిమూర్తులు కేక వేశాడు. ఎడమవైపు, చెయ్యి చాపితే అందేటంత దూరంలో, నీళ్ళలోంచి వెదురు గడ లేచి ఉంది. దానికి పాత వల చుట్టుకొని ఉంది. ముందు నెల విరిగిపోయిన బోట్లలో ఒకదాని గడ అది. దాని వెనక మేట మీద అల విరిగే చప్పుడు వినిపించింది. తర్వాత అది వెనకబడింది. బోటు కింద నీళ్ళు లోతయ్యాయి.

సముద్రంలోకి వచ్చాక మంచు విడిపోయింది. త్రిమూర్తులు వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఎడమకు తిరగమన్నది ఎవరు?" అని అడిగాడు.

"నల్లది మావయ్యా."

"పెట్టె కుడివైపు కదా ఉంది. నాకు ఎడమ నుంచి వినపడిందేంటి?"

ఉషారాణి గుడ్డ తీసింది. నల్లదాని తెర మీద నొక్కింది. వెలగలేదు. పక్క మీట నొక్కి పట్టుకుంది. వెలగలేదు.

ఇంటికొచ్చి ఛార్జింగ్‌లో పెట్టి చూసింది. బోటు వెళ్ళిన దారిని ట్యాబ్ గీతగా దాచుకుంటుంది. బూడిదదానిలో ఆ రోజు గీత రేవు నుంచి మొగ దాకా, మొగ నుంచి సముద్రం దాకా ఉంది. నల్లదానిలో ఆ రోజు గీత లేదు. ముందు రోజుది రేవు దగ్గర ఆగిపోయింది.

"మామ్మా, దీని వైరు ఎవరైనా తీశారా?"

"నేనే తీశానే," అంది అచ్చాయమ్మ. "నా ఫోను చచ్చిపోయింది. సీరియల్ ఎలా చూడమంటావు? రెండు పెట్టుకున్నావు కదా, ఒకటి చాల్లే అనుకున్నాను."

అమ్మిరాజు కాళ్ళు కడుక్కుంటున్నాడు. విన్నాడు. "అది మన బోటు ఎక్కకూడదు," అన్నాడు. తర్వాత అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు ఉషారాణి గంగరాజును కలిసింది. బూడిదదే కొనమంది.

"నాలుగో వంతు మార్కులదా? మీ సారు ఊరుకుంటాడా?"

"అది చెప్పిందే మూడుసార్లు చెబుతుంది బాబాయ్."

అయితే అదే కొంటామన్నాడు గంగరాజు. తండ్రి కన్ను సంగతి ఆమే చెప్పింది. సంక్రాంతి దాటేదాకా చుక్కాని త్రిమూర్తులు పట్టుకుంటాడని, అమ్మిరాజును రాజమండ్రి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తామని గంగరాజు అన్నాడు. ఆమె ఆ రోజే నల్లదాన్ని గుడ్డలో చుట్టుకొని పాలకొల్లు బస్సెక్కింది. అది ఊరు దాటితే చాలనుకుంది.

కొట్లో వెంకటసుబ్బారావు నెంబర్లు మళ్ళీ చూశాడు. "ఇంత మంచి వస్తువును వద్దన్నారా? మీవాళ్ళకి చెప్పలేంలే," అన్నాడు. ఉషారాణి నల్లదాన్ని కొత్తదానిలా చెరిపింది. సెట్టింగులూ దారులూ పోయాయి. ఆపేసి, పెట్టెలో పెట్టి, టేపు వేసి లోపలి గదిలో అర మీద పెట్టింది. ఆయన కూర్చునే చోటికి ఆ గది ఎడమవైపు ఉంటుంది.

మధ్యాహ్నం జనం లేరు. వెంకటసుబ్బారావు ఫ్యాను కింద కూర్చుని బిల్లులు సర్దుకుంటున్నాడు. ఉషారాణి అద్దాలు తుడుస్తోంది.

"ఎడమకు తిరగండి."

ఆయన తల ఎత్తలేదు. "చెప్పండి," అన్నాడు.

"పలక్కండి," అంది ఉషారాణి. అప్పటికే ఆయన పలికాడు.

"ఎడమకు తిరగండి."

"ఆ ఆ, వస్తున్నానండి," అంటూ ఆయన లేచాడు. ఎడమకు తిరిగి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఉషారాణి గుడ్డ పట్టుకొని నిలబడింది. లోపలి నుంచి మాట వినిపించలేదు. అడుగుల చప్పుడూ లేదు. కాసేపటికి ఆయన బయటికి వచ్చాడు.

"ఎవరూ లేరు," అన్నాడు. "నేల తడిగా ఉందేంటమ్మా?"

ఆ గదిలో కుళాయి లేదు. ఉషారాణి ఆయన పాదాల వైపు చూసింది. పంచె అంచుకు ఇసుక అంటుకొని ఉంది.

ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. బిల్లులు ముట్టుకోలేదు. రోడ్డు వైపూ చూడలేదు.

"ఆదివారం ఖాళీయే కదా," అన్నాడు. "మీ బోటు మీద నన్ను మొగకి తీసుకెళ్ళరాదూ?"

ఉషారాణి పలకలేదు.

"మొగకి తీసుకెళ్ళమ్మా," అన్నాడు ఆయన.

ఆమె మూడో పిలుపు కోసం ఆగింది. ఇంకొక్కసారి అడిగితే చాలు, ఏదో ఒకటి చెప్పేది.

వెంకటసుబ్బారావు మూడోసారి అడగలేదు.